వలసపోయే ఇంటి మూగజీవం

దూరదేశానికి కాపురం మార్చదలచిన కుటుంబం ఆలోచింపవలసిన విషయాలు అనేకం ఉన్నవి. ఇల్లు ఎవరికి అప్పగించవలె, పొలం కౌలు ఎవరు చూడవలె, ముసలివారి మందుమాకులు ఎవరు కనిపెట్టవలె అన్నవి మొదటివి. ఈ ఏర్పాట్లన్నీ ముగిసి, పెట్టెలు బిగించిన తరువాత గాని చాలమందికి గుర్తురాని విషయం ఒకటి వాకిట్లో పడుకొని ఉంటుంది. అది కుక్క కావచ్చు, పిల్లి కావచ్చు. దానిని వెంట తీసికొనిపోవుటయా, ఇక్కడనే విడిచిపోవుటయా అని అడిగితే ఆ ఇంటి పిల్లలు ఒక మాట చెప్పుదురు, పెద్దలు వేరొక మాట చెప్పుదురు. విమానం టిక్కెట్టు మీది తేదీ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

ఇది అల్పవిషయమని త్రోసివేయుటకు వీలులేదు. మనుష్యులు దేశాలు మారిన చరిత్రను ఈ దృష్టితో పరిశీలిస్తే, ఎవరు తమ జీవాన్ని వెంట తీసికొనిపోగలిగినారు, ఎవరు విడువవలసివచ్చినది, ఆ నిర్ణయం నిజానికి ఎవరి చేతిలో ఉండినది అన్న ప్రశ్నలు పుట్టుతవి. వాటికి దొరికే సమాధానాలు ఈనాటి కుటుంబానికి కూడ ఉపకరించేవే.

మన సాహిత్యంలో ఈ ప్రశ్న చాల పాతది. మహాభారతం ఒక కుక్కతో ఆరంభమై మరొక కుక్కతో ముగింపుకు వస్తుందని చెప్పినా తప్పులేదు. నన్నయ ఆదిపర్వంలో సరమ అనే దేవశునకం కథ ఉన్నది. జనమేజయుని యజ్ఞవాటికకు ఆడుకొన వచ్చిన ఆమె బిడ్డను, ఏ తప్పూ చేయకుండగనే, రాజు తమ్ములు కొట్టి తరిమినారు. తల్లి వచ్చి రాజును నిలదీసి, యుక్తాయుక్త విచారం లేనివారికి ఊహింపని భయాలు కలుగునని హెచ్చరించి పోయినది. ఇక తిక్కన తెనిగించిన మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట హస్తినాపురం నుండి ఒక కుక్క నడచి వస్తుంది. త్రోవలో ద్రౌపది పడిపోయినది, తమ్ములు నలుగురూ పడిపోయినారు, కుక్క మాత్రం మిగిలినది. రథం తెచ్చిన ఇంద్రుడు, కుక్క గలవారికి స్వర్గంలో చోటు లేదన్నాడు. దేశపు పొలిమేరలో నిలిచి జంతువును ఆపే అధికారి మన పురాణంలో ఆనాడే ఉన్నాడన్నమాట.

అప్పుడు ఇంద్రుడు గట్టి ప్రశ్ననే వేసినాడు. భార్యను విడిచితివి, తమ్ములను విడిచితివి, ఈ కుక్కను విడుచుటకు ఏమి అడ్డు వచ్చినదన్నాడు. దానికి ధర్మరాజు చెప్పిన సమాధానం సూక్ష్మమైనది. మరణించినవారిని బ్రతికించుట నా వశం కాదు కాబట్టి విడిచితిని, బ్రతికి ఉండగా విడువలేదు, నన్ను నమ్మి వెంటవచ్చిన ప్రాణిని నా సుఖం కోసం విడువజాలను అన్నాడు. ఇందులో ప్రేమను గురించిన మాట కంటె బాధ్యతను గురించిన మాటయే ప్రధానం. ఈ భేదాన్ని మనస్సులో ఉంచుకొని ఇక పురాణం నుండి చరిత్రకు వద్దాం.

మన ప్రాంతంలో వలసల చరిత్ర చెప్పదలచినప్పుడు రేణిగుంటను తలచక తప్పదు. మద్రాసు నుండి అరక్కోణం మీదుగా బయలుదేరిన రైలుమార్గం రేణిగుంట, కడప, గుంతకల్లు దాటి 1871 నాటికి రాయచూరు చేరి, బొంబాయి నుండి వచ్చిన మార్గంతో కలిసినది. గూడూరు నుండి కాట్పాడికి పోయే చిన్నపట్టాల మార్గం కూడ ఆ శతాబ్ది చివరకు ఇక్కడనే ఆ పెద్దపట్టాల మార్గాన్ని తాకినది. అందుచేత ఈ కూడలిలో నిలిచిన ప్రయాణికునికి ఒక దిక్కున మద్రాసు రేవు, మరొక దిక్కున బొంబాయి రేవు అందుబాటులోకి వచ్చినవి. ఆ రేవుల ఆవల సముద్రం, సముద్రానికి ఆవల దేశాలు ఉన్నవి.

మద్రాసు రేవు నుండి నేటాలుకు పోయిన మొదటి కూలీల ఓడ పేరు ట్రూరో. అది 1860 నవంబరు 16న డర్బను చేరినది. అందులో 342 మంది ప్రయాణికులు ఉన్నారు. 1911లో ఆ వలస ఆగిపోయేసరికి నేటాలు చేరిన భారతీయ కూలీల సంఖ్య 1,52,000 దాటినది. వారిలో అధికసంఖ్యాకులు మద్రాసు నుండి ఓడ ఎక్కినవారే. అట్లా పోయినవారిలో నాటి ఉత్తరార్కాటు జిల్లావారు పెద్దభాగం. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911 ఏప్రిల్ 1న. కాబట్టి అంతకు పూర్వపు పట్టీలలో ఉత్తరార్కాటు అని కనిపించే పేరు క్రింద మన చిత్తూరు, చంద్రగిరి సీమల పల్లెలు కూడ చేరి ఉన్నవి.

అయిదేండ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేసిన ఆ మనిషికి పెంపుడు జంతువును తీసికొనిపోవుటయా, మానుటయా అన్న విచికిత్సకు తావే లేదు. ఓడలో అతనికి దక్కినది పడుకొనేపాటి చోటు. అట్టి ఓడలలో ప్రాణమున్న గొర్రెలను తీసికొనిపోవుట ఉండినది గాని అవి ప్రయాణికుల భోజనం నిమిత్తం. కరవుకాలంలో ఇల్లు విడిచే పేదవాడు దొడ్డిలోని దూడను వచ్చిన ధరకు అమ్మవలె, లేదా అన్నదమ్ముల ఇంట కట్టివేయవలె. కుక్క సంగతి చెప్పనక్కరలేదు. కొననూ కొనరు, కట్టనూ కట్టరు. ఆ యజమాని మనస్సు కఠినమైనదని మనం అనరాదు. తన భార్యాబిడ్డలను వెంట తీసికొనిపోవుటయే తన చేతిలో లేనివానికి కుక్కను గురించి నిర్ణయించే స్వాతంత్ర్యం ఎక్కడిది?

ఆ కాలంలోనే మన పశువులు సముద్రాలు దాటిన సంగతి కూడ ఇక్కడ చెప్పదగినది. ఒంగోలు జాతి పశువులు 1868లో బ్రెజిలులోని బహియా రేవులో దిగినవి. 1878లో అక్కడి భూస్వామి ఒకరు జర్మనీలోని హాంబర్గు జంతుశాలలో ఆ జాతి జంటను చూచి కొని తెప్పించుకొన్నాడు. నెల్లూరు పేరు మీద నెలోరే అని పిలువబడే ఆ జాతియే నేడు బ్రెజిలు మాంస పశుసంపదకు వెన్నెముక. 1960వ దశకం ఆరంభంలో మరికొన్ని మేలుజాతి ఆబోతులను కొనిపోయినప్పుడు వాటిని ప్రధానభూమి మీదికి రానీయకుండ, ముందుగా ఫెర్నాండో ది నొరోన్యా అనే ద్వీపంలో క్వారంటైనులో ఉంచి పరీక్షించినారు. ధర పలికే పశువుకు ఓడలో చోటు దొరికినది, ద్వీపంలో వైద్యుడు దొరికినాడు. మమత తప్ప మరేమీ పలుకని పశువుకు ఆ చోటు దొరకలేదు.

ఆ పోల్చిచూపులో రెండవ పక్షం దొరలది. ఉద్యోగరీత్యా మద్రాసు రాజధానికి వచ్చిన ఆంగ్లేయుల వెంట కుక్కలు వచ్చినవి, రైళ్ళలో తిరిగినవి. గార్డు పెట్టెలో కుక్కల కోసం ప్రత్యేకించిన అర అనే ఏర్పాటు మన రైళ్ళలో నేటికీ ఉన్నది. అయితే ఆ దొర స్వదేశానికి తిరిగిపోవునప్పుడు అతనికి కూడ అడ్డంకి ఎదురైనది. అది డబ్బుతో తీరనిది. దాని పేరు రేబిస్, మనవాళ్ళ మాటలో పిచ్చికుక్క కాటు రోగం.

బ్రిటను ద్వీపం. కుక్కల మూతికి చిక్కం, వీధికుక్కల నిర్మూలనం, బయటి నుండి వచ్చే కుక్కల నిర్బంధం అనే మూడు ఉపాయాలతో అక్కడివారు 1902 నాటికి ఆ రోగాన్ని తమ దేశం నుండి తుడిచివేసినారు. బయటినుండి వచ్చిన కుక్కను ఆరు నెలలు నిర్బంధంలో ఉంచే నియమం అప్పుడే నిలదొక్కుకొన్నది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి సైనికులు ఇండ్లకు మరలినప్పుడు, కొందరు తమ కుక్కలను దొంగతనంగా తెచ్చినారు. 1918లో రోగం మళ్ళీ తలయెత్తినది. దానిని తిరిగి అణచుటకు 1922 దాకా పట్టినది. యుద్ధభూమిలో తోడు నిలిచిన కుక్కను విడువలేక తెచ్చిన ఆ సైనికుల మమతను మనం అర్థం చేసికొనగలం. కాని ఆ మమతకు మూల్యం చెల్లించినవారు వేరొకరు.

ఈ రోగం ఎంతటి భయంకరమైనదో మన దేశస్థులకు ఒకరు చెప్పనక్కరలేదు. పాశ్చర్ టీకా 1885లో పుట్టినది. దక్షిణదేశానికి కూనూరులో పాశ్చర్ సంస్థ ఏర్పడినది 1907లో. అక్కడి వైద్యం నలుమూలలకూ ప్రాకక పూర్వం, పల్లెలో కరవబడినవానికి దగ్గర ఉన్నవి పసరుమందులూ మంత్రాలూ మాత్రమే. లక్షణాలు పైకి కనిపించిన తరువాత ఈ రోగానికి నేటికీ నమ్మదగిన చికిత్స లేదు. కాబట్టి పరదేశపు రేవులో నిలిచి మన కుక్కను ఆపే అధికారిని నిర్దయుడని తిట్టుట న్యాయం కాదు. వాని వెనుక ఒక దేశపు బిడ్డల ప్రాణాలున్నవి.

రోగం లేని జీవం కూడ పరదేశంలో చిక్కు తెచ్చిన సందర్భాలున్నవి. మన పెరళ్ళలో తిరిగే గోరువంక డర్బనులో పంజరం నుండి తప్పించుకొని 1902 నుండి అక్కడి ఆకాశంలో స్థిరపడినది. నేడు దక్షిణాఫ్రికాలో అది స్థానిక పక్షుల గూళ్ళను ఆక్రమించే పక్షి. చెరకుతోటలలో ఎలుకలను చంపుతుందని 1883లో ఫిజీకి కొనిపోయిన ముంగిస, ఎలుకల కంటె అధికంగా నేలమీద గూడు కట్టే పక్షులను తిన్నది. చెరకుతోటలకు మనుష్యులను కొనిపోయిన ఓడలే ఈ జీవాలకూ త్రోవ చూపినవి. తెచ్చినవాడు తన సంతోషం కోసమో, లాభం కోసమో తెచ్చినాడు. ఆ ద్వీపం మాత్రం అందుకై శాశ్వతంగా పన్ను కట్టుచున్నది.

ఇంతవరకు చెప్పినది తీరికగా జరిగిన ప్రయాణాలను గురించి. యుద్ధకాలంలో ఈ ప్రశ్న మరింత క్రూరరూపం దాల్చినది. 1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించిన మొదటి వారంలోనే లండను నగరంలో సుమారు 4,00,000 కుక్కలనూ పిల్లులనూ వాటి యజమానులే చంపించినారు. ప్రభుత్వం అట్లా చంపవలెనని ఆజ్ఞ జారీ చేయలేదు. జంతువులను పల్లెలకు పంపండి, అది సాధ్యం కానప్పుడు చంపించుటయే దయ అని ఒక కరపత్రం సలహా ఇచ్చినది. జనులు ఆ సలహాలోని మొదటిభాగం కోసం ఆగలేదు. నగరం మీద భారీగా బాంబులు పడినది మరుసటి సంవత్సరం సెప్టెంబరులో. అప్పటికి ఏడాదిపాటు ఆ ఇండ్లలో కుక్కలు లేవు, బాంబులూ లేవు. భయంతో, తొందరలో తీసికొన్న నిర్ణయం ఎంత చేటు చేయునో తెలుపుటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మన తెలుగువారికి యుద్ధం తెచ్చిన మహాప్రస్థానం బర్మా నుండి జరిగినది. కాకినాడ, విశాఖపట్టణం రేవుల నుండి పొగఓడలలో పోయి రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను కష్టించిన తెలుగువారు వేలకొలది ఉండేవారు. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపానువారు బాంబులు వేసినారు. ఆపైన లక్షలకొలది భారతీయులు అరకాను కొండలమీదుగా, మణిపురం త్రోవను కాలినడకను బయలుదేరినారు. కలరాతోను, ఆకలితోను త్రోవలో రాలిపోయినవారు వేలమంది. పసిబిడ్డలను, ముసలివారిని మోసికొనలేక కుమిలిన ఆ బాటలో పెంపుడు జీవాల మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తనూ లేరు. పైగా అక్కడ తారుమారైన దృశ్యం ఒకటి ఉన్నది. 1942 జూన్‌లో వానలకు పొంగిన దఫా నది ఒడ్డున చిక్కుకొన్న శరణార్థులను, అస్సాం తేయాకు తోటల పెద్దమనిషి మెక్రెల్ తన ఏనుగుల మీద ఎక్కించి దాటించినాడు. మనిషి జంతువును వెంట తీసికొనిపోవుటకు బదులు, జంతువే మనిషిని తన వెంట తెచ్చినది.

తరువాత 1947లో దొరలు తరలిపోయినప్పుడు, పలువురు తమ గుర్రాలనూ కుక్కలనూ అన్యుల పాలు చేయలేక తామే చంపించిపోయినట్లు జ్ఞాపకాలలో వ్రాసికొన్నారు. 1964లో బర్మా ప్రభుత్వం వర్తకాలను జాతీయం చేసినప్పుడు, అక్కడ మిగిలిన తెలుగువారు మళ్ళీ ఓడలెక్కినారు. విశాఖపట్టణం కంచరపాలెంలో బర్మాక్యాంపు అనే పేరు నేటికీ వారి గురుతు. బంగారపు గాజును కూడ లెక్కించి తీసికొన్న ఆ రేవు తనిఖీలో, ఇంటివాకిటి కుక్కను గురించి ఎవరిని అడుగవలె?

ఇక 2022 సంవత్సరపు ఉదంతానికి వద్దాం. ఉక్రెయిను మీద యుద్ధం మొదలైనప్పుడు అక్కడ వైద్యవిద్య చదివే మన విద్యార్థులను భారత ప్రభుత్వం ఆపరేషన్ గంగ పేరుతో విమానాలలో తీసికొనివచ్చినది. కొందరు తమ కుక్కను, పిల్లిని విడిచి రామన్నారు. మామూలుగా పరదేశం నుండి జంతువును తెచ్చుటకు ముందస్తు అనుమతులు, పత్రాలు కావలె. ఆ ఆపద్ధర్మ సమయంలో ప్రభుత్వం ఆ నియమాలను సడలించినది. అందుచేత ఆ పిల్లల ఒడిలో కుక్కపిల్లలు, పిల్లులు కూడ మన విమానాశ్రయాలలో దిగినవి. మూగజీవం విషయంలో ఒక ప్రభుత్వం ఈ విధంగా దారి ఇచ్చుట చెప్పుకొనదగిన సంగతి.

అదే సమయంలో తణుకుకు చెందిన ఒక తెలుగు వైద్యుని కథ దేశమంతటా వినిపించినది. ఆయన తూర్పు ఉక్రెయినులో స్థిరపడి, కీవ్ జంతుశాల నుండి తెచ్చిన ఒక జాగ్వారును, ఒక నల్లచిరుతను ఇంట్లో పెంచుచుండెను. తెలుగు సినిమాలో చూచిన చిరుతయే తనకు ఆ కోరిక కలిగించినదని ఆయన చెప్పినాడు. అందరూ ఊరు విడిచిపోవునప్పుడు ఆయన ఆ రెండు మృగాలతో ఇంటి నేలమాళిగలో ఉండిపోయినాడు. వాటిని విడిచి రానన్నాడు. కుక్కలకు, పిల్లులకు సడలిన నియమం ఆ క్రూరమృగాలకు సడలలేదు. సడలుట సాధ్యమూ కాదు. అంతర్జాతీయ ఒప్పందాల క్రింద రక్షితమైన జాతులు అవి. కొన్ని నెలలకు చేతిలోని డబ్బు అయిపోగా, వాటిని అక్కడి రైతు ఒకరికి అప్పగించి, వాటి మేపు ఖర్చు సంపాదించుటకు ఆయన పోలండుకు పోయినాడు. వాటిని కాపాడవలెనని అక్కడి నుండి ప్రభుత్వాలను అర్థించినాడు.

కొందరు ఆయనను ధర్మరాజుతో పోల్చుదురు, కొందరు మూర్ఖుడందురు. రెండూ పూర్తిసత్యాలు కావు. ధర్మరాజు వెంట వచ్చిన కుక్క తనంత తాను నడచి వచ్చినది. ఈ మృగాలను ఆయన కోరి తెచ్చుకొన్నాడు. తాను కదలవలసివస్తే తన వెంట కదల్చుటకు వీలులేని జీవాన్ని తెచ్చుకొన్ననాడే ఈ కష్టం ఆరంభమైనది. అయినా చివరకు ఆయన చేసిన పని నిందింపదగినది కాదు. తీసికొనిపోలేనని తెలిసిన తరువాత, బోను తలుపు తెరచిపెట్టి పారిపోలేదు. చేయి మార్చి, ఖర్చు భరించి, దూరం నుండి కనిపెట్టుటకు యత్నించినాడు.

ఈ చరిత్ర అంతా ఈనాటి గృహస్థునకు ఏమి చెప్పుచున్నది? నాటి కూలీకి లేని స్వాతంత్ర్యం నేడు చాలమందికి ఉన్నది. 2015లో రేణిగుంట విమానాశ్రయంలో క్రొత్త టెర్మినల్ ప్రారంభమైనది. ఈ ప్రాంతపు యువకులు అమెరికాకు, ఆస్ట్రేలియాకు, ఐరోపాకు పోవుచున్నారు. కడప, చిత్తూరు సీమల నుండి కువైటుకు ఇంటిపనికి పోయే స్త్రీలకు మాత్రం పాత పరిస్థితి ఇంకా మారలేదు. ఉండుట పరుల ఇంట కాబట్టి వారి మేకా, కుక్కా తల్లిగారింటనో, ఇరుగుపొరుగున్నో ఉండవలసినదే. నిర్ణయించే అవకాశం ఉన్నవారు ముందుగా తెలిసికొనవలసినది, ఆ దేశపు నియమం. బ్రిటను 2000 సంవత్సరంలో ఆరు నెలల నిర్బంధాన్ని సడలించి, టీకా, మైక్రోచిప్, పత్రాలు ఉన్న జంతువులకు దారి తెరచినది. ఐరోపా సమితి దేశాలకు మన దేశం నుండి పోయే కుక్కకు టీకా వేసిన 30 దినాల తరువాత రక్తపరీక్ష చేయించి, ఆ పరీక్ష నుండి మూడు నెలలు వేచియుండవలె. అమెరికా 2024 ఆగస్టు 1 నుండి ఆరు నెలలు నిండని కుక్కను రానిచ్చుట లేదు. ఆస్ట్రేలియాకు మన దేశం నుండి నేరుగా కుక్కను పంపుట సాధ్యం కాదు. అందుచేత ఈ విచారణ ప్రయాణానికి ముందు వారంలో చేయదగినది కాదు. ఆరు నెలలు, ఏడాది ముందు మొదలుపెట్టవలె.

రెండవది ఆ జీవం స్థితి. ముసలి కుక్కకు, గుండెజబ్బు ఉన్న పిల్లికి, చప్పిడిముక్కు జాతి కుక్కకు విమానపు సరకుల గదిలో గంటలకొలది ప్రయాణం ప్రాణాంతకం కావచ్చు. కొన్ని విమాన సంస్థలు చప్పిడిముక్కు జాతులను ఎక్కించుకొనుటకే అంగీకరించవు. ఇట్టి విషయంలో పశువైద్యుని మాటయే ప్రమాణం కావలె. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుండి ఉన్నది. సలహాకు దూరం పోనక్కరలేదు. పది ఎకరాల తోటలో తిరిగిన కుక్కకు, పదవ అంతస్తు గదిలో ఉదయం నుండి రాత్రి దాకా ఒంటరిగా ఉండుట సుఖమా అన్నది కూడ ఆలోచింపవలె. మనకు దాని తోడు కావలెనన్న కోరిక వేరు, దానికి ఏది మేలు అన్న విచారం వేరు.

మూడవది, తీసికొనిపోలేనప్పుడు ఎవరి చేతిలో పెట్టవలె అన్నది. ఇక్కడనే మనవారు ఎక్కువగా పొరపాటు చేయుదురు. వీధిలో వదిలితే నలుగురూ ఒక ముద్ద వేయుదురని సమాధానపడుదురు. ఇంటిలో పెరిగిన కుక్కకు వీధిలో పొలిమేరలు తెలియవు. వీధికుక్కలు దానిని చేరనీయవు. ఇది దయాదాక్షిణ్యాల విషయం మాత్రమే కాదు, శాసనవిషయం కూడ. 1953లో రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో జంతుహింసా నివారణకై బిల్లు ప్రతిపాదించినారు. ఆ యత్నం ఫలితంగా వచ్చిన 1960 నాటి చట్టం, ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును నిష్కారణంగా విడిచిపెట్టుటను నేరంగా నిర్ణయించినది. కాబట్టి ప్రయాణానికి రెండు మూడు నెలల ముందుగానే క్రొత్త యజమానిని చూచి, వారి ఇంటికి రాకపోకలు అలవాటు చేసి, టీకాల పత్రాలు, మేపు ఖర్చు అప్పగించి పోవుట గృహస్థధర్మం.

రేణిగుంటకు సమీపంలోనే శ్రీకాళహస్తి ఉన్నది. సాలీడు, పాము, ఏనుగు అనే మూడు జీవాలు అక్కడ ముక్తి పొందినవని స్థలపురాణం. ఆ క్షేత్రం పేరులోనే ఆ మూడూ నిలిచి ఉన్నవి. మూగజీవానికి మనిషితో సమానంగా దేవుని సన్నిధిలో చోటిచ్చిన సంప్రదాయం మనది. కుక్కను విమానం ఎక్కించినవారందరూ ధర్మరాజులు కారు, ఎక్కించలేనివారందరూ ద్రోహులూ కారు. తీసికొనిపోవుట మేలో, ఇక్కడ ఉంచుట మేలో కాలం ఉండగా విచారించి, ఏది నిర్ణయించినా దాని బరువు తాము మోసినవారు ధర్మం తప్పనట్లే. బ్రతికి ఉండగా విడువలేదన్న ఆ మాట, దూరదేశం చేరిన తరువాత కూడ వారు నిబ్బరంగా చెప్పుకొనగలరు.